నలభై ఒకటో తొట్టి

ముందు మీసాలు కనపడ్డాయి, నాచు ముద్ద వెనకనుంచి రెండు తెల్లటి పోగులు అటూ ఇటూ తడుముకుంటూ, ఆ తరువాత తల, ఆ తరువాత నల్లటి ఒంటిమీద తెల్ల పట్టీలు ఒకటి, రెండు, మూడు, ఆ మూడో పట్టీ దగ్గర హైడ్రున్ చేతిలోని చిన్న టార్చి ఆగిపోయింది, ఎందుకంటే ఆ పట్టీ కుడిపక్కన నిండుగా ఉంది, ఎడమపక్కన మాత్రం వెంట్రుకంత సన్నగా తెగి ఉంది. పొరపాటు పడ్డాననుకుంది. అరవై ఆరేళ్ళ కళ్ళు, పైగా గాజుమీద నీటి చారలు, అనుకుని చొక్కా అంచుతో గాజు తుడిచి మళ్ళీ చూసింది. తెగి ఉంది. రెండోది ఆకు మీదికి ఎక్కింది, దానికీ ఎడమపక్కనే. మూడోదానికీ అంతే. ఇక మిగతా రెండూ చూడనక్కర్లేదు గాని చూసింది, చూసి అక్కడే నిలబడిపోయింది. ఎడమపక్క ఇలా తెగిన మూడో పట్టీని పదకొండేళ్ళు రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ చూసినది లోకంలో తనొక్కతే, ఆ రొయ్యలు తన ఇంటి నేలమాళిగలో పుట్టిన రొయ్యలు, రెండేళ్ళ కిందట ఒక్కటి మిగలకుండా చచ్చిపోయిన రొయ్యలు.

ఆదివారం పది దాటింది. రొయ్యల క్లబ్బు పోటీ కోసం గోస్లార్ ఊరి బడి వ్యాయామశాలలో పెద్ద దీపాలన్నీ ఆర్పేసి యాభై రెండు గాజుతొట్ల మీద యాభై రెండు చిన్న దీపాలు మాత్రం ఉంచారు, తొట్టికి ఐదేసి రొయ్యలు, పేర్లుండవు, నంబర్లే. ఇగురు పెట్టుకునే రొయ్యలు కావివి, చిటికెన వేలి గోటికి కాస్త పెద్దవి, వీటిని పెంచేవాళ్ళకి రొయ్య తినడమంటేనే కడుపులో దేవుతుంది. ముగ్గురు జడ్జీలు, ఒక గంట సమయం, ఎవరూ నోరు మెదపకూడదు. తెచ్చినవాళ్ళంతా గాజు తలుపు అవతల వసారాలో కాఫీ తాగుతూ, పచ్చి కైమా పూసి ఉల్లిముక్కలు చల్లిన బన్నులు తింటూ, లోపలికి చూడనట్టు చూస్తూ ఉంటారు, వాళ్ళలో పాత స్నేహితుడు డెట్లెఫ్ కూడా ఉన్నాడు, ఆ పొట్ట, ఆ ఆకుపచ్చ చొక్కా, తల తిప్పకుండానే తెలుస్తోంది. అసలు తను ఈ ఏడు రాకూడదనుకుంది. ఇంట్లో ఏ మంచి రొయ్యలున్నాయని రావాలి, ఊరికే జనం జాలి మొహాలు చూడ్డానికా. పొద్దున ఏడింటికి పెద్ద జడ్జి ఎక్‌హార్ట్ ఫోన్ చేశాడు, మూడో జడ్జి స్నానాలగదిలో జారి నడుం పట్టేసిందట, రావాలి హైడ్రున్, నీ కన్ను మాకెవరికుంది అన్నాడు, ఆ మాటకి పడిపోయి వచ్చింది. వచ్చేసరికి కాఫీ బల్ల దగ్గర డెట్లెఫ్. చేతిలో కప్పు తొణికి చొక్కా మీద పోసుకున్నాడు.

“ఏంటమ్మా హైడ్రున్, నువ్వు రానన్నావుగా!”

“వచ్చాను. నీకేమన్నా నష్టమా?”

“నాకేం నష్టం. గంటసేపు నిలబడాలి, నీ మోకాళ్ళ సంగతి నాకు తెలీదా? ఎందుకొచ్చిన అవస్థ. హాయిగా కూర్చుని బన్ను తిను, జడ్జీగా ఇంకెవర్నైనా పంపిద్దాం.”

“అంత పనేం లేదులే. నువ్వేం తెచ్చావు?”

“జడ్జీ అలా అడక్కూడదు, నువ్వు రాసిన రూలేగా” అని నవ్వాడు. నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. పాపం, నా మోకాళ్ళు గుర్తుపెట్టుకున్నాడు, ఈ లోకంలో నా మోకాళ్ళ గురించి ఆలోచించే మనిషి ఒక్కడైనా ఉన్నాడు అనుకుంది తను, అనుకుని తన రుమాలు తీసి అతని చొక్కా మీది మరక కూడా అద్దింది. తేలు కుట్టిన దొంగ చొక్కా అద్దింది. ఎంత తెలివితక్కువదాన్ని, ఎంత తెలివితక్కువదాన్ని.

టార్చి పక్కకి తిప్పితే తెలుపులో నీలం కదిలింది. అదుగో, అదీ ఉంది, పట్టీ సంగతి అలా ఉంచినా ఈ తెలుపు ఇంకెవరికీ లేదు. ముప్పై నాలుగేళ్ళు కట్టుడు పళ్ళు తయారుచేసింది హైడ్రున్, డాక్టరు పంపిన అచ్చులో పింగాణీ నింపి, కాల్చి, రంగు సరిచూసి. ఒట్టి తెలుపు పెడితే పన్ను చచ్చిన పన్నులా ఉంటుందనీ, అంచున ఉందా లేదా అన్నంత నీలం కలిపితే నోట్లో ప్రాణమున్నట్టు కనిపిస్తుందనీ కొత్తగా వచ్చిన వాళ్ళకి నేర్పేది. పదమూడేళ్ళ కిందట ఒక మామూలు నలుపు తెలుపు మందలో ఒక్క మగది, కాలు ఒకటి విరిగిన మగది, సరిగ్గా ఆ తెలుపుతో కనపడింది. దాన్ని వేరే తొట్టిలోకి మార్చిన రోజు ఆమె ఉద్యోగానికి ఆలస్యంగా వెళ్ళింది, అదే మొదటిసారి. అక్కడినుంచి పదకొండేళ్ళు, దాని పిల్లలు, వాటి పిల్లలు, తరానికి నాలుగు నెలలు, ప్రతి తరంలో నీలం లేనివి తీసి పక్క తొట్టిలో వేయడం, ఉన్నవాటిలో ఆరోగ్యమైనవి ఏరడం, పెంకు విడిచిన రోజు ఒక్కోదాన్నీ మళ్ళీ చూడటం, సెలవులకి సముద్రానికి వెళ్ళకపోవడం, అక్క ఏడిపించడం, “నీకు రొయ్యలే మొగుడూ పిల్లలూ” అని. అంతా బాగుండేది, ఆ మూడో పట్టీ ఒక్కటే. సగం పిల్లలకి నిండుగా వచ్చేది, సగం పిల్లలకి ఎడమపక్క తెగి వచ్చేది, ఆ తెగుడు ఆమె ఎవరికీ చెప్పలేదు. అది తనకూ తన తొట్టికీ మధ్య సంగతి.

మేలైన జాతిని ఒకే ఇంట్లో ఉంచకూడదు, అది ఈ క్లబ్బులో పసివాళ్ళకి కూడా తెలిసిన మాట. కరెంటు పోవచ్చు, తొట్టి పగలొచ్చు, కుక్కకి పట్టించిన పిడుదుల మందు ఒక్క చుక్క నీళ్ళలో పడొచ్చు, అందుకే నమ్మకమున్న మనిషి ఒకరి దగ్గర డజను దాచిపెట్టుకుంటారు, దాచినవాడు వాటిని అమ్మడు, ఎవరికీ ఇవ్వడు, తనవని చెప్పుకోడు, అడిగిన రోజు తిరిగి ఇచ్చేస్తాడు. కాగితం రాసుకోరు. కాగితం అడిగితే అవమానం. అలాగే హైడ్రున్ డజను తీసుకుని బస్సులో కొండ ఎక్కి డెట్లెఫ్ ఉండే క్లౌస్టాల్ వెళ్ళింది, ఒళ్ళో ఉన్ని గుడ్డలో చుట్టిన నీళ్ళ సంచీ, పక్కన వెన్న కేకు. డెట్లెఫ్ గుమ్మంలోనే టోపీ తీసి సంచీకి దండం పెట్టాడు, “ఇవి చస్తే నేనూ చస్తానే!” అన్నాడు. అతని నేలమాళిగలో ఇరవై తొట్లుండేవి, మంచి మనిషే గాని ఏరడం రాదు, ముచ్చటపడి అన్నీ ఉంచేసుకుంటాడు, అందుకే ఎప్పుడూ మూడో బహుమతి. “నా దగ్గరున్న వాటిలో మేలైనవి ఇస్తున్నాను” అంది తను. మేలైనవి ఇవ్వలేదు. నిండు పట్టీ ఉన్నవి తను ఉంచుకుని, ఎడమపక్క తెగినవే పన్నెండు ఏరి ఇచ్చింది. అతనికి తెలియదులే అనుకుంది, తెలియలేదు కూడా, తెలిస్తే ఇవాళ ఈ ఐదింటిని ఇలా దీపం కింద పెట్టేవాడా. లేక తెలిసిందా. ఎప్పుడో ఒకరోజు టార్చి పట్టి చూసి, ఇదా నా స్నేహానికి విలువ అనుకున్నాడా. అనుకోనీ. తెగిన పట్టీ ఇవ్వడం పిసినారితనం, చచ్చాయని చెప్పడం అది కాదు, ఆ రెంటినీ ఒకే తక్కెడలో వేయమంటే వేయనుగాక వేయను అనుకుంది హైడ్రున్, ఎవరో ఎదురుగా నిలబడి వాదిస్తున్నట్టు.

ఇక రెండేళ్ళ కిందటి ఆ శనివారం. అది గుర్తుకు రాకుండా గంట గడవదని ఆమెకి తెలుసు. మిగతా ఊళ్ళవాళ్ళు నీళ్ళు వడకట్టే యంత్రాలు కొనుక్కుంటుంటే ఆమెకి నవ్వొచ్చేది, మా హార్జ్ కొండ నీళ్ళు కుళాయి తిప్పితే చాలు, రొయ్య కోసమే పుట్టిన మెత్తటి నీళ్ళు అని సభల్లో గొప్ప చెప్పేది. నేలమాళిగలో సింకు కింద పాత గొట్టం కారుతోందని మేస్త్రీ వచ్చి కొత్త రాగి గొట్టం వేసి వెళ్ళాడు, తళతళలాడే గొట్టం. శనివారం సాయంత్రం నీళ్ళు మార్చడం పదకొండేళ్ళుగా తప్పలేదు, ఆ రోజూ తప్పలేదు. రాగి చెంబులో నీళ్ళు తాగితే మనిషికి మంచిదంటారు, రొయ్యకి మాత్రం అది కాలకూటం, మెత్తటి నీళ్ళయితే కొత్త గొట్టంలోంచి ఇంకా త్వరగా లాగేసుకుంటాయి, ఇదంతా ఆమె పదిమందికి పాఠంగా చెప్పిన సంగతే. ముందు అవన్నీ ఒక్కసారి పైకి లేచి పిచ్చిగా ఈదాయి, ఉత్సాహం అనుకుంది. గంటకి పక్కకి ఒరిగాయి. తెల్లారేసరికి నలుపంతా పోయి పాలిపోయిన గులాబీ రంగు, ఉడికిన రొయ్యల రంగు, మూడు వందలు. వాటిని వలతో తీసి పాత పేపర్లో పోసి రేగుపొద కింద పాతిపెట్టి వచ్చి, చేతులు కడగకుండానే డెట్లెఫ్‌కి ఫోన్ చేసింది, ఎక్కడో చిన్న ధైర్యం, పన్నెండు ఉన్నాయి, ఈపాటికి వందయి ఉంటాయి, నా ప్రాణం కొండమీద భద్రంగా ఉంది. అరగంటలో వచ్చాడు. వంటింట్లోకి వచ్చి, కుర్చీలో కాదు, నేలమీద చతికిలబడ్డాడు.

“నా దగ్గరున్నవీ పోయాయి హైడ్రున్. జులై ఎండలకి. ఒక్కటి మిగల్లేదే.”

“జులైలోనా? మరి నాతో ఎందుకు చెప్పలేదు?”

“ఎలా చెప్పేది? ఏ మొహం పెట్టుకుని చెప్పేది?” అని ఏడ్చాడు. అంత మనిషి, భుజాలు ఎగిరెగిరిపడుతూ, ముక్కు కారుతూ ఏడ్చాడు. హైడ్రున్ తన దుఃఖం పక్కనపెట్టి అతని పక్కన నేలమీద కూర్చుని వీపు నిమిరింది, ఊరుకో, వేడికి ఎవరేం చేస్తారు, నీ తప్పేం లేదు, తప్పంతా నాదే అంది, బంగాళాదుంపల సూప్ కాచి పెట్టింది, అతని రుమాలు తడిసి ముద్దయితే ఉతికి, ఇస్త్రీ చేసి, వారం తరువాత క్లబ్బులో తిరిగి ఇచ్చింది. ఇస్త్రీ చేసింది! నాలుగు మడతలు పెట్టి మరీ. మొసలి కన్నీరు అని వినడమే గాని దాన్ని ఉతికి ఇస్త్రీ చేసిన మనిషి లోకంలో ఇంకొకరుంటారా. చచ్చిన రొయ్యల వాసన ఇంకా చేతులకుండగా, ఆ చేతులతోనే అతని వీపు నిమురుతుండగా, కొండమీద తొట్టిలో ఇవి నాచు గీరుకుంటూ, గుడ్లు మోసుకుంటూ, హాయిగా తిరుగుతున్నాయి. ఏడుస్తున్నప్పుడు అతను ఏమనుకుని ఉంటాడు. అదొక్కటే తెలుసుకోవాలని ఉంది. నిజంగానే ఏడ్చాడా, తను చేస్తున్న పనికి తనే ఏడ్చాడా. అలా అయితే మరీ అసహ్యం.

ఆ తరువాత రెండేళ్ళలో ఒక్కసారి కూడా అతని నేలమాళిగలోకి అడుగుపెట్టలేదు తను, ఇప్పుడు తెలుస్తోంది. మెట్లు బాగుచేయిస్తున్నానన్నాడు. అత్తగారి సామాను వచ్చి పడిందన్నాడు. మళ్ళీ మెట్లన్నాడు. ఎన్ని మెట్లుంటాయిరా నీ ఇంట్లో, చర్చి గోపురమా అది, అని అడగాలని ఒక్కనాడూ తోచలేదు, పైగా క్రిస్మస్ ముందు వారం ప్లాస్టిక్ డబ్బాలో ముప్పై ఎర్రటి మామూలు రొయ్యలు తెచ్చి “మళ్ళీ మొదలుపెట్టవే, చేతులు ఖాళీగా ఉంటే మనిషికి పిచ్చెక్కుతుంది” అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ ఎర్రవి ఇప్పటికీ ఉన్నాయి, ఎవరి పెంపకంతోనూ పని లేకుండా వాటంతటవి పెరిగిపోయే జాతి, పొద్దున కాఫీతో వాటినే చూస్తుంది, చూస్తూ డెట్లెఫ్ మంచితనం తలుచుకుంటుంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం అన్న సామెత ఈ హార్జ్ కొండల్లో ఎవరికీ తెలియదు, తెలిసి ఉంటే ఈ గంటలో హైడ్రున్‌కి అదొక్కటైనా తోడుండేది.

పక్కన అడుగుల చప్పుడు. స్వెన్యా, అందరికంటే చిన్న జడ్జి, నలభై రెండోది చూడటం ముగించి ఇటు వచ్చింది, నలభై ఒకటి మీద వంగింది, హైడ్రున్ వంక తిరిగి కనుబొమ్మలు ఎగరేసింది, చూశారా అన్నట్టు. మాట్లాడకూడదు కాబట్టి నవ్వి, ఏదో పెద్ద అంకె గీసి వెళ్ళిపోయింది. మొదటి బహుమతి ఇదే, ఇక అనుమానం లేదు. ఇంత తెలుపు ముందు వెంట్రుకంత తెగుడు ఎవరిక్కావాలి. హైడ్రున్ చేతిలో కాగితం మీద నలభై ఒకటి ఎదురుగా నాలుగు గళ్ళు, రంగు, పట్టీ, ఒళ్ళు, ఐదూ ఒకేలా ఉండటం. సున్నా వేస్తే. నాలుగింటిలోనూ సున్నా వేసి, కింద గీత గీసి, చచ్చిపో డెట్లెఫ్ అనుకుని. పెన్సిలు గడి మీద పెట్టింది గాని చెయ్యి రాలేదు, వీటి తప్పేముంది, ఇవి బతికి ఉన్నాయి అంతే, బతికి ఉన్నందుకు సున్నా వేయాలా. అప్పుడే నాచు వెనకనుంచి ఐదోది పూర్తిగా బయటికి వచ్చింది, ఆడది, కడుపు కింద గుడ్ల గుత్తి, బుల్లి కాళ్ళతో వాటిని విసురుకుంటూ నిదానంగా గాజు దగ్గరికి వచ్చింది. ఇంకో మూడు వారాలు. ఇరవై ఐదు పిల్లలు.

ఒక దారి ఉంది. కిమ్మనకుండా మార్కులు వేయడం, అతను బహుమతి కప్పు తీసుకుంటుంటే చప్పట్లు కొట్టడం, మంగళవారం బకెట్టు పట్టుకుని క్లౌస్టాల్ వెళ్ళి గుమ్మంలో నిలబడి, డెట్లెఫ్, ఎడమపక్క మూడో పట్టీ అని నాలుగు మాటలు అనడం. ఇస్తాడు. చచ్చినట్టు ఇస్తాడు, పది కాదు యాభై ఇస్తాడు, ఎవరికీ తెలియదు, వచ్చే వసంతానికి తన తొట్లు మళ్ళీ నిండుతాయి, పొద్దున కాఫీ, పదకొండేళ్ళు తిరిగి వస్తాయి. రెండో దారి చెయ్యెత్తడం. తొట్టిలోని జీవాన్ని గుర్తుపట్టిన జడ్జి చెయ్యెత్తాలి, నంబరు చెప్పాలి, పెన్సిలు కింద పెట్టి తొట్టికి వీపు తిప్పి నిలబడాలి, ఆ తొట్టికిక మార్కులుండవు, తెచ్చినవాడు వెంటనే మూట కట్టుకుని వెళ్ళిపోవాలి. ఎవడో బావమరిది తొట్టికి మార్కులు దండిగా వేశాడని పద్నాలుగేళ్ళ కిందట తనే పట్టుబట్టి రాయించిన రూలు, ఆ రోజు డెట్లెఫ్ రెండు చేతులూ ఎత్తి ఓటేసి అందరినీ నవ్వించాడు. పద్నాలుగేళ్ళలో ఒక్క చెయ్యి లేవలేదు. అందరికీ అందరి రొయ్యలూ తెలుసు, ఇంత చిన్న లోకంలో తెలియకుండా ఎలా ఉంటాయి, తెలియనట్టు ఉండటమే మర్యాద. ఇప్పుడు తను ఎత్తితే నలభైమంది ముందు అతని పరువు పోతుంది, పరువు పోయినవాడు ఒక్క పిల్లనైనా ఇస్తాడా, ఈ ఐదింటినీ పట్టుకుపోతాడు, మొత్తం మందని దక్షిణాదిలో ఎవరికో అమ్మేస్తాడు, లేదా పంతానికి డ్రైనేజీలో పోస్తాడు. నిరూపించడానికి ఏముంది, వెంట్రుకంత గీత, అదీ తను ఎవరికీ చెప్పని గీత.

కాబట్టి నోరు మూసుకోవడమే తెలివి. తెలివి అని ఆమెకి తెలుసు. కానీ మంగళవారం ఆ గుమ్మంలో జరగబోయేది కూడా ఆమెకి కనపడుతోంది, అతను టోపీ తీస్తాడు, మొహం ఎర్రబడుతుంది, మళ్ళీ ఏడుస్తాడు, తప్పకుండా ఏడుస్తాడు, చేతిలో బకెట్టు పెట్టుకుని తను మళ్ళీ ఆ వీపు నిమరాలి, ఊరుకో అనాలి, ఎందుకంటే రొయ్యలింకా అతని మెట్ల కింద ఉంటాయి. ఆ తరువాత జీవితాంతం, ప్రతి ఏడూ, ఇద్దరూ ఈ బన్నుల పక్కన నిలబడి రహస్యాన్ని పంచుకుని నవ్వుకోవాలి. అందరూ డెట్లెఫ్ జాతి అంటారు, డెట్లెఫ్ తెలుపు అంటారు, తన తొట్టి చూసి కూడా అబ్బా, డెట్లెఫ్ దగ్గర తెచ్చుకున్నావా, మంచివాడు అంటారు. మంచివాడు! గుడ్లున్న ఆడది గాజు మీద ముందుకాళ్ళతో ఏదో ఏరుకుని తింటోంది, ఆమె మొహం దానికి కనపడదు, వెలుగూ నీడే కనపడతాయి. హైడ్రున్ దాన్ని చూసింది. కళ్ళు మండేదాకా, ఐదింటినీ, ఒక్కోదాన్నీ, తలనుంచి తోకదాకా చూసింది.

“ఐదు నిమిషాలు” అన్నాడు ఎక్‌హార్ట్ అవతలి వరసలోంచి, మాట్లాడే హక్కు అతనొక్కడికే ఉంది. కాగితాలు పోగుచేసుకుంటూ ఈ వరసలోకి తిరిగాడు, తిరిగి ఆగిపోయాడు. హైడ్రున్ చెయ్యి పైకి లేచి ఉంది. స్వెన్యా టార్చి ఆర్పేసింది.

“ఏంటి హైడ్రున్, కళ్ళు తిరుగుతున్నాయా? కుర్చీ వేయించనా?”

“కాదు. నలభై ఒకటి. గుర్తుపట్టాను.”

ఎక్‌హార్ట్‌కి పద్నాలుగేళ్ళుగా రూలు చదవడమే గాని వాడిన అలవాటు లేదు. గాజు తలుపు అవతల జనం కప్పులు దించి ఇటు తిరిగారు, ఎత్తిన చెయ్యి వాళ్ళకీ కనపడుతోంది.

“తెచ్చినవాళ్ళ పేరు చెప్పనక్కర్లేదు, రూల్లో లేదు” అన్నాడు మెల్లగా. “తెలిసినవాళ్ళవే అంటే చాలు.”

“తెలిసినవాళ్ళవి కాదు. నావి.”

“అదేంటి? నీవి రెండేళ్ళ కిందటే చచ్చిపోయాయి కదా.”

“చచ్చిపోయాయనే నాకూ చెప్పారు” అంది హైడ్రున్. పెన్సిలు బల్ల మీద పెట్టి, రూలు ప్రకారం తొట్టికి వీపు తిప్పి నిలబడింది.